మా చుక్కకు పండ్లు పెట్టడం: రామమూర్తినగర్ ఇంటి అనుభవం

మా చుక్క దేశవాళీ ఆడకుక్క. బెంగళూరు రామమూర్తినగర్‌లో మేముండే వీధిలోనే పుట్టి, కళ్లు తెరిచిన కొద్ది వారాలకే మా గుమ్మం ఎక్కింది. పెరిగి పెద్దదై, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయ్యాక, దాని బరువు 18 కిలోల దగ్గర స్థిరపడింది. రెండు పూటలా పెట్టే తిండికి మొదటినుంచీ ఒక కొలత ఉండేది కానీ, పండ్లకు మాత్రం ఏ కొలతా లేదు. అత్తయ్య తినే అరటిపండులో చివరి ముక్క దానిది, మావయ్యగారు సాయంత్రం కోసుకునే బొప్పాయిలో నాలుగు ముక్కలు దానివి, మా బాబు బడినుంచి వచ్చి తినే ఆపిల్‌లో మిగిలిన మధ్యభాగం గింజలతో సహా దానిదే. ఎవరికి వారు తాము పెట్టేది కొంచెమేనని అనుకునేవారు. ఒక్కొక్కరి మట్టుకు అది నిజమే.

ఏటా వేయించే టీకా కోసం తీసుకువెళ్లినప్పుడు మా పశువైద్యురాలు రోజుమొత్తం మీద దాని నోట్లోకి వెళ్లేదంతా చెప్పమన్నారు. చిత్తూరు వైపు ఆవిడ కావడంతో సంభాషణంతా తెలుగులోనే సాగింది. నేను పండ్ల వరకు వచ్చేసరికి ఆవిడ రాయడం ఆపి, "పండ్లు మానెయ్యమని నేను చెప్పను గానీ, అవి దానికి అవసరమని మాత్రం అనుకోకండి" అన్నారు. మనకు సి విటమిన్ తిండి ద్వారానే అందాలి; కుక్క శరీరం ఆ విటమిన్‌ను కాలేయంలో తానే తయారుచేసుకుంటుంది. సమతూకమైన మేత తినే కుక్కకు పండు లేకపోయినా ఏ లోటూ రాదు. పిల్లులకు తీపి రుచి తెలియదు, కుక్కలకు తెలుస్తుంది. కనుక చుక్క బొప్పాయి కోసం మావయ్యగారి మోకాలి మీద గడ్డం ఆనించి చూడటం దానికి తీపి ఇష్టమని చెబుతుందే తప్ప, ఒంటికి అది కావాలని చెప్పదు.

తరువాత ఆవిడ మందుల చీటీ వెనుక ఒక లెక్క వేసి చూపించారు. కుక్క బరువును కిలోల్లో తీసుకుని దానికి 0.75 ఘాతం కట్టి 70తో హెచ్చిస్తే, కదలకుండా పడుకున్న శరీరానికి రోజుకు కావలసిన శక్తి కిలోకేలరీలలో వస్తుంది. 18 కిలోలకు అది 610 చిల్లర. ఆపరేషన్ అయిన, మామూలుగా తిరిగే పెద్ద కుక్కకు దాన్ని 1.6తో హెచ్చిస్తే సుమారు 980. అందులో ప్రధానమైన మేత కాక మిగిలిన చిరుతిళ్లన్నీ కలిపి పదో వంతు దాటకూడదన్నది పశువైద్యులు సాధారణంగా పాటించే నియమం. అంటే చుక్కకు రోజుకు 98 కిలోకేలరీలు. మధ్యరకం అరటిపండు ఒక్కటే 105 దాకా ఉంటుంది. బిస్కెట్లు, నమలడానికి ఇచ్చే ఎండు మాంసపు ముక్కలు కూడా ఈ పదో వంతులోనే రావాలి కనుక, పండ్ల వాటాను 50 దగ్గర ఆపుకొమ్మని ఆవిడ సలహా ఇచ్చారు. నాకు ఈ లెక్క చాలా మేలుచేసింది. ఇంట్లో పెద్దవాళ్లకు "ఎక్కువ పెట్టకండి" అని చెప్పడం కష్టం, అంకె చూపించడం సులభం.

వంద గ్రాముల గుజ్జులో పుచ్చకాయకు 30, కర్బూజకు 34, బొప్పాయికి 43, ఆపిల్‌కు 52, మామిడికి 60, జామకు 68, సపోటాకు 83, అరటిపండుకు 89 కిలోకేలరీలు ఉంటాయి. దీన్నిబట్టి వంద గ్రాముల ఆపిల్, లేదా అంతకు కాస్త ఎక్కువ బొప్పాయి, లేదా ఒక చిన్న ఏలక్కి అరటిపండు చుక్కకు ఒక రోజు వాటా. పుచ్చకాయను లెక్క ప్రకారం ఇంకా ఎక్కువే పెట్టవచ్చు కానీ, అందులో 92 శాతం దాకా నీరే కావడం వల్ల మోతాదు పెరిగితే విరేచనం పలచబడుతుంది. కేలరీలు సరిపోయినంత మాత్రాన కడుపు ఒప్పుకోవాలని లేదు.

అందుకే పండ్లన్నీ కొంతకాలం ఆపేసి, ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టాము. పద్ధతి ఇది. కొత్త పండును బొటనవేలి గోరంత ముక్కతో మొదలుపెట్టాలి. అది పెట్టిన తరువాత రెండు మూడు రోజులు వేరే కొత్తది ఏదీ ఇవ్వకూడదు. వాంతి, పలచని విరేచనం, ఒళ్లు గోక్కోవడం, పాదాలు అదేపనిగా నాకుకోవడం వంటివి ఏమైనా కనిపిస్తున్నాయేమో చూడాలి. ఏమీ లేకపోతే మోతాదు కొద్దికొద్దిగా పెంచాలి. క్యాలెండరులో పాలవాడి లెక్క పక్కనే చుక్క లెక్క కూడా రాసేవాళ్లం. ఆపిల్ ఇబ్బంది లేకుండా సాగింది. బొప్పాయి కొద్దిగా పెడితే సరే, పెరిగితే మర్నాడు ఉదయం షికారులో తెలిసిపోయేది. జామపండు గుజ్జు ఇష్టంగా తిన్నది కానీ, గింజలు ఎలా వెళ్లినవి అలాగే బయటికి రావడం, ఆ రోజు ముక్కడం చూసి, గింజల భాగం తీసేసి చుట్టూ ఉన్న కండ మాత్రమే పెట్టడం అలవాటు చేసుకున్నాము. దానిమ్మ గింజలకు వాంతి చేసుకుంది. కొన్ని కుక్కలకు అవి పడవట, మళ్లీ ప్రయత్నించలేదు. అరటిపండును మాత్రం నులిపురుగుల మాత్ర వేయాల్సిన రోజు కోసమే అట్టేపెట్టాము. మెత్తటి ముక్కలో మాత్ర పెట్టి నలిపితే మూడో కంటికి తెలియదు.

పండు మంచిదా చెడ్డదా అని అడిగేవారే ఎక్కువ. నా అనుభవంలో అసలు చూడవలసింది గింజ, తొక్క, టెంక. ఆపిల్ గింజల్లో అమిగ్డాలిన్ అనే పదార్థం ఉంటుంది. గింజను నమిలితే దానినుంచి సైనైడ్ విడుదలవుతుంది. నాలుగు గింజలతో కుక్క చచ్చిపోదు, అంత భయపెట్టడం న్యాయం కాదు. కానీ రోజూ మధ్యభాగాన్ని పడేసే అలవాటు ఎందుకు? ముక్కలుగా కోసేటప్పుడే తీసేస్తే సరి. పీచ్, ప్లమ్, ఆప్రికాట్, చెర్రీ గింజల్లోనూ అదే పదార్థం ఉంది, పైగా అవి గట్టివి. సపోటా గింజను ఒకసారి వేళ్ల మధ్య పట్టుకుని చూడండి: నల్లగా నిగనిగలాడుతూ, అంచున ఒకవైపు చిన్న కొక్కెంలా వంగి ఉంటుంది. గొంతులో తగులుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? పచ్చి సపోటాలో పాలు, వగరు కూడా ఉంటాయి కనుక బాగా మాగినదైతేనే, అదీ ఒక చెక్క. సీతాఫలం విషయంలో నేను ఇంకా కఠినంగా ఉంటాను. దాని గింజల పొడిని మన ఊళ్లలో పేలమందుగా, పురుగుమందుగా వాడతారు, నమిలితే విషం. ఒక్కొక్క తొనలో ఒక్కొక్క గింజ ఉండే పండును కుక్కకు ఒలిచిపెట్టే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. సీతాఫలాలు తిన్న పళ్లెం నేరుగా మూత ఉన్న చెత్తబుట్టలోకి వెళుతుంది.

మామిడి కాలం వచ్చిందంటే ఈ నియమాలన్నిటికీ పరీక్ష. ఊరినుంచి బంగినపల్లి పెట్టె దిగుతుంది, ఇక్కడ సంతలో బాదామి, రసపురి, మల్లిక ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. గుజ్జు ముక్కలు నాలుగైదు కుక్కకు పెట్టవచ్చు. తొక్క అరగదు, దానిలోని జిగురు కొందరికి పెదవుల చుట్టూ దద్దుర్లు తెప్పిస్తుంది. అన్నిటికంటే ప్రమాదం టెంక. చీకి వదిలేసిన టెంక జారుడుగా ఉండి, పీచులో తీపి నిలిచి, కుక్క ఎంతకూ వదలదు. జారి లోపలికి పోతే పేగులో అడ్డం పడుతుంది. అప్పుడు తిన్నది తిన్నట్టే వాంతులు, విరేచనం నిలిచిపోవడం, కడుపు ముట్టుకోనివ్వకపోవడం కనిపిస్తాయి, చివరికి కోసి తీయవలసి వస్తుంది. చింతామణి వైపునుంచి వచ్చి మా ఇంట్లో పనిచేసే అక్క, వాళ్ల ఊళ్లో కుక్కలు టెంకలు నాకుతూ పెరిగినవేనని వాదిస్తుంది. నాకి వదిలేసేదాకా బాగానే ఉంటుందక్కా, మింగిన రోజునే చిక్కు అని నేను చెబుతాను. ఇద్దరం ఒప్పుకున్నది ఒక్కటే: టెంకలు లెక్కపెట్టి సంచిలో కట్టెయ్యడం. జూన్, జూలై నెలల్లో మా పక్కవీధి నేరేడు చెట్టు కింద కాలిబాటంతా నల్లబడిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో షికారుకు దారి మారుస్తాము. రాలి పులిసిన పండ్లలో సారాయి పుడుతుంది, అది కుక్కలకు మనకన్నా త్వరగా ఎక్కుతుంది.

ఇక ద్రాక్ష. బెంగళూరులో దీని గురించి చెప్పడం కాస్త ఇబ్బందే. చుట్టుపక్కల పండే బెంగళూరు బ్లూ రకం పేరు పొందినది. మేము కూరగాయలు కొనే హాప్‌కామ్స్ సంస్థ మొదలైందే ద్రాక్ష రైతుల సహకార సంఘంగా. ఎండలు ముదిరే ముందు వాళ్లు ద్రాక్ష, పుచ్చకాయల మేళా కూడా పెడతారు. అలాంటి ఊళ్లో కుక్కకు ఒక్క ద్రాక్షపండు కూడా పెట్టకండి అంటే, "మా కుక్క గుత్తులు గుత్తులు తిన్నది, ఏమీ కాలేదు" అనేవారు తప్పక ఎదురవుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ద్రాక్ష, కిస్మిస్‌లు కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయని చాలాకాలంగా తెలిసినా, ఒక కుక్క కొద్దిగా తిని ప్రాణం మీదికి తెచ్చుకోవడం, మరొకటి ఎంతో తిని తోకాడించడం ఎందుకో అంతుపట్టేది కాదు. అమెరికాలోని జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏకు చెందిన జంతు విష నియంత్రణ కేంద్రం వైద్యులు 2021లో ఒక సమాధానం సూచించారు. పిండిబొమ్మల ముద్దలో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ (టార్టారిక్ ఆమ్లపు లవణం) తిన్న కుక్కకు సరిగ్గా ద్రాక్ష తిన్న కుక్కకు వచ్చే లక్షణాలే రావడం గమనించి, దోషం టార్టారిక్ ఆమ్లానిదై ఉంటుందని వారు ప్రతిపాదించారు. ద్రాక్షలో ఈ ఆమ్లం పాళ్లు రకాన్ని బట్టి, కాయ పండిన తీరును బట్టి, పెరిగిన నేలను బట్టి మారుతాయి. అందుకే ఇంత తింటే ఫరవాలేదని చెప్పగల మోతాదు లేదు. ఎండబెట్టినప్పుడు నీరు పోయి ఆమ్లం చిక్కబడుతుంది కనుక కిస్మిస్ ఇంకా ప్రమాదం.

ఇది చదివినప్పుడు నా చూపు వెంటనే పడింది మా వంటింటి అలమారలో చింతపండు జాడీ మీద. చింతపండు పులుపు ప్రధానంగా టార్టారిక్ ఆమ్లం వల్లే. చింతపండు తిన్న కుక్కలకు కూడా మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలున్నాయి. పులిహోర, చారు, పులుసు లేని తెలుగిల్లు ఉండదు. మిగిలిన చారన్నం కుక్కకు కలిపి పెట్టడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. కుక్కలకు పనికిరాని పండ్ల గురించి మాట్లాడేటప్పుడు ద్రాక్ష పేరు అందరూ చెబుతారు కానీ, మనవాళ్లకు చింతపండు పేరే ముందు చెప్పాలని నా అభిప్రాయం. ద్రాక్ష ఏడాదిలో కొన్ని నెలలే వస్తుంది, చారు ప్రతి మధ్యాహ్నం ఉంటుంది.

కిస్మిస్ సంగతి మాకు పుస్తకంలో ఆగలేదు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్న రోజు, నేతిలో వేయించిన కిస్మిస్, జీడిపప్పు వేసిన రవ్వ ప్రసాదం అందరికీ పంచుతుండగా, చుట్టాల పిల్లవాడు తన ఆకుదొన్నె చాప మీద పెట్టి మంచినీళ్లకు లేచాడు. అతను తిరిగి వచ్చేసరికి దొన్నె ఖాళీ. కుక్కకు కక్కు రావడానికి ఉప్పునీళ్లు తాగించమని ఒకరు, పెరుగు పెట్టమని మరొకరు అన్నారు. ఉప్పునీళ్లు మాత్రం ఎప్పుడూ తాగించకూడదు. రక్తంలో సోడియం ఒక్కసారిగా పెరిగి అదే ప్రాణాంతకమవుతుంది. మావారు కారు తీశారు, నేను దారిలోనే ఇరవై నాలుగు గంటల ఆసుపత్రికి ఫోను చేశాను. వాళ్లు అడిగినవి నాలుగే: బరువెంత, ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎంతసేపయింది. తిని రెండు గంటలు దాటకముందే చేరితే కక్కించడం వల్ల ఎక్కువ ఫలితం ఉంటుంది.

అపోమార్ఫిన్ అనే మందు ఇచ్చిన కొద్ది నిమిషాలకే చుక్క పెదవులు నాకుకోవడం, చొల్లు కార్చడం మొదలుపెట్టి, మూడు విడతలుగా కక్కింది. డాక్టరు చేతితొడుగు వేసుకుని స్టీలు పళ్లెంలో రవ్వను వేలితో పక్కకు తోస్తూ, ఉబ్బిన కిస్మిస్‌లను ఒక్కొక్కటే అంచుకు జరిపారు. నేతిలో వేగినవి కావడంతో అవి కడుపులో కరగకుండా గుండ్రంగానే ఉన్నాయి. కొన్ని లోపలే మిగిలి ఉండవచ్చు కనుక రక్తం తీసి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, యూరియా చూశారు; ఆ మొదటి అంకెలు తరువాతి వాటితో పోల్చడానికి. ముందుకాలికి సూది గుచ్చి సెలైన్ పెట్టారు. ద్రాక్ష విషంలో వాంతులు మొదటి రోజే రావచ్చు గానీ, మూత్రపిండాలకు తగిలిన దెబ్బ రక్తంలో కనిపించేది ఒకటి నుంచి మూడు రోజుల మధ్య. కుక్క హుషారుగా ఉందని ఇంటికి తీసుకుపోతే ఆ వ్యవధిలోనే మోసపోతాము. అందుకని 48 గంటలు సెలైన్ నడిపించి, మూత్రం ఎంత వస్తున్నదో కొలిచి, 72 గంటలకు మరోసారి రక్తం చూశారు. అంకెలు మారలేదు.

అత్తయ్యకు ఇది ఆరోగ్యం సమస్యే కాక ఒక ధర్మసంకటం కూడా అయింది. ప్రసాదం ఎదురుచూస్తున్న ప్రాణికి లేదనకూడదని ఆవిడ నమ్మకం. నేను వాదించలేదు. ఇప్పుడు నైవేద్యానికి చేసేటప్పుడే, జీడిపప్పు, కిస్మిస్ వేయించకముందు, నెయ్యి తగలని ఉడికిన రవ్వ చెంచాడు విడిగా తీసి చుక్క పేరున పెడుతుంది. పానకంలో, పాయసంలో దానికి వాటా లేదని ఆవిడే పిల్లలకు చెబుతోంది.

రోజువారీ పండ్లకు మేము కనిపెట్టిన ఉపాయం ఒక మూతగల డబ్బా. ఉదయం పండు కడిగి, గింజ, తొక్క తీసి, వేలి కణుపంత ముక్కలుగా కోసి, తూచి, ఫ్రిజ్‌లో పెడతాను. ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలి. మావయ్యగారి సాయంకాలపు ముద్దూ, బాబు బడినుంచి వచ్చాక ఆటా అందులోవే. డబ్బా అయిపోతే ఆ రోజు పండు అయిపోయినట్టే. "నేను పెట్టానా, నువ్వు పెట్టావా" అన్న లెక్కలు ఆ దెబ్బతో పోయాయి. ఏప్రిల్‌లో పుచ్చకాయ ముక్కలు గింజలు తీసి గడ్డకట్టిస్తే ఇంకో లాభం, దానికి నమలడానికి సమయం పడుతుంది. ఫ్రిజ్ తలుపు మీద ఇరవై నాలుగు గంటల ఆసుపత్రి నంబరు, హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రికి దారి, చుక్క తాజా బరువు రాసిన కాగితం ఉంటుంది.

బయటి తిండి సంగతి కొద్దిగా. బండి మీద ఉప్పూకారం చల్లిన మామిడి, అనాస ముక్కలు కుక్కకు వద్దు. ఈ ఊరి జ్యూస్ దుకాణాల్లో బటర్ ఫ్రూట్ (అవకాడో) అంటే ప్రాణం పెడతారు. అందులోని పెర్సిన్ అనే పదార్థం పక్షులకు, గుర్రాలకు చేసినంత హాని కుక్కలకు చేయదు కానీ, కొవ్వు ఎక్కువ కావడం వల్ల క్లోమం వాచే ప్రమాదం ఉంది, గింజ సంగతి చెప్పనే అక్కర్లేదు. చక్కెర లేదని రాసిన జామ్‌లు, మిఠాయిలు కొనే మధుమేహం ఉన్న ఇళ్లలో సీసా వెనుక జైలిటాల్ అనే, చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం పేరు ఉందేమో చూడాలి. అది కుక్కలో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా ఎగదోసి రక్తంలో చక్కెరను పడగొడుతుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది.

కింది అంతస్తులో ఉండే వారి ముసలి లాబ్రడార్‌కు మధుమేహం. మా డబ్బా చూసి వాళ్లూ అలాగే మొదలుపెడతామంటే, ముందు డాక్టరును అడగమన్నాను. ఆ కుక్కకు ఇన్సులిన్ వేళలు, మేత వేళలు ముడిపడి ఉన్నాయి. పోయిన నెల చుక్కను తూస్తే 19 కిలోలు దాటింది. పండ్ల వాటా సగానికి తగ్గించి, మిగతా సగం కీరదోసకాయ ముక్కలు వేయమని మా పశువైద్యురాలు అన్నారు. బాబు రెండింటినీ కలిపి పెడితే, అది ముందు పండు ముక్కలన్నీ ఏరుకుని తిని, కీరదోస వైపు తరువాత వస్తోంది. అయినా వస్తోంది.